జుబిన్ మెహతా, ఆర్కెస్ట్రా కండక్టర్: తరచుగా అడిగే ప్రశ్నలు

మన ఊళ్లలో ఆర్కెస్ట్రా అంటే వినాయక చవితి పందిట్లో సినిమా పాటలు పాడే బృందం. కండక్టర్ అంటే ‘ముందుకు జరగండి’ అని అరిచే ఆర్టీసీ ఉద్యోగి. ఈ రెండు మాటలూ కలిపి చెబితే నవ్వు రావడం సహజం. ఇక్కడ మాత్రం ఆర్కెస్ట్రా అంటే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాయించే పెద్ద వాద్య బృందం, కండక్టర్ అంటే వాళ్ల ముందు నిలబడి చిన్న కర్రతో సైగలు చేస్తూ నడిపించే మనిషి. జుబిన్ మెహతా గురించి నేను ఎవరికి చెప్పినా వాళ్లు తిరిగి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను.

ముందు ఇది చెప్పండి. కర్ర ఊపడం కూడా ఒక ఉద్యోగమేనా? ఆయన లేకపోతే వాళ్లు వాయించలేరా?

వాయించగలరు. న్యూయార్క్‌లో ఆర్ఫియస్ ఛాంబర్ ఆర్కెస్ట్రా 1972 నుంచి కండక్టర్ లేకుండానే నడుస్తోంది. 1922లో మాస్కోలో పెద్ద ఆర్కెస్ట్రానే అలా నడిపారు. కాకపోతే కండక్టర్ లేనప్పుడు రిహార్సల్స్ చాలా ఎక్కువ కావాలి. ప్రతి చిన్న విషయం మీదా అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. వంద మంది ఉన్న చోట అదెలా ఉంటుందో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌కి ఒక్కసారి వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇంకో ఇబ్బంది శబ్దంతోనే. పెద్ద వేదిక మీద ముందు వరుస వయొలిన్‌కీ వెనకాల ట్రంపెట్‌కీ మధ్య 15 మీటర్ల దూరం ఉందనుకోండి. ఆ దూరం దాటడానికి శబ్దానికి 0.04 సెకను పైనే పడుతుంది. వెనకవాళ్లు ముందువాళ్లని విని వాయిస్తే వెనకబడిపోతారు. చెవిని నమ్మలేని చోట కన్నే దిక్కు. అందరికీ కనపడేలా ఒక మనిషిని ఎత్తు మీద నిలబెట్టడం అందుకే.

అంటే తాళం వేస్తాడు, అంతేగా?

అంతే అయితే ఆ పని చిన్న యంత్రం చేసేస్తుంది. మన తాళానికీ దీనికీ అసలు తేడా ఒకటుంది. కచేరీలో మనం తొడ మీద వేసే తాళం జరుగుతున్న కాలాన్ని లెక్కపెడుతుంది. కండక్టర్ చెయ్యి జరగబోయేదాన్ని చెబుతుంది. శబ్దం రావడానికి ఒక క్షణం ముందే ఆ చేతిలో అంతా ఉండాలి: ఎంత వేగం, ఎంత గట్టిగా, ఎంత మెత్తగా.

బీథోవెన్ ఐదో సింఫనీనే చూడండి. సింఫనీ అంటే ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచన. ‘ద-ద-ద-డాం’ అనే ఆ నాలుగు స్వరాలు ఫోన్ రింగ్‌టోన్‌లోనైనా వినని వాళ్లుండరు. కానీ ఆ సింఫనీ నిజానికి ఆ స్వరంతో మొదలవదు, నిశ్శబ్దంతో మొదలవుతుంది. స్కోరులో, అంటే అన్ని వాద్యాల స్వరాలూ రాసి ఉన్న పుస్తకంలో, మొదట ఉన్నది చిన్న విరామ చిహ్నం. మన భాషలో చెప్పాలంటే అనాగత గ్రహం. తాళం ముందు పడుతుంది, ఎత్తుగడ తర్వాత వస్తుంది. కండక్టర్ చెయ్యి కిందికి దిగే క్షణంలో ఏమీ వినపడకూడదు. సరిగ్గా దాని తర్వాత వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, డబుల్ బేస్‌లు, రెండు క్లారినెట్లు కలిసి ఒకే మనిషి వాయించినట్టు పడాలి. పైగా వేగం ఎంతో ఆ ఒక్క ఊపులోనే తెలియాలి, ఇంకో సైగకి టైమ్ లేదు. నాలుగో స్వరం దగ్గర మళ్లీ చిక్కు. దాని మీద ‘ఆపి ఉంచు’ అనే గుర్తుంటుంది. ఎంతసేపు ఆపాలో రాసి ఉండదు. అది కండక్టర్ ఇష్టం. వదిలేటప్పుడు అందరూ ఒకేసారి వదలాలి, వెంటనే మళ్లీ అదే విరామం, అదే దెబ్బ. ఐదు సెకన్ల సంగీతంలో ఇంత పని. చేతకాని కండక్టర్ ఇక్కడే దొరికిపోతాడు.

నా వరకు కండక్టర్ గురించి చెప్పాల్సిన మాట ఇదే. వేదిక మీద శబ్దం చెయ్యని సంగీతకారుడు ఆయన ఒక్కడే. ఆయన వాద్యం మనుషులు. ఆ మనుషులు నమ్మితేనే అది పలుకుతుంది.

జుబిన్ మెహతా ఎక్కడివారు?

బొంబాయి. 1936 ఏప్రిల్ 29న పార్సీ కుటుంబంలో పుట్టారు. తండ్రి మెహ్లీ మెహతా కథ కొడుకు కథకేం తీసిపోదు. కుర్రాడిగా ఉన్నప్పుడు బొంబాయి వచ్చిన యాషా హైఫెట్జ్ వయొలిన్ విని మెహ్లీ మనసు పారేసుకున్నారు. ఎక్కువగా సొంతంగానే నేర్చుకున్నారు. 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రాని స్థాపించారు. పాశ్చాత్య సంగీతానికి పెద్దగా శ్రోతలు లేని ఊళ్లో, జీతాలిచ్చే స్తోమత లేని రోజుల్లో! చాలక 1945లో, పెళ్లాం బిడ్డల్ని ఇక్కడే వదిలి, వయొలిన్ గురువు ఇవాన్ గలామియన్ దగ్గర పాఠాలకి న్యూయార్క్ వెళ్లారు. అప్పటికి పెద్ద కొడుకు జుబిన్‌కి తొమ్మిదేళ్లు.

జుబిన్ పెరిగిన ఇంట్లో గ్రామఫోన్ రికార్డులు, వచ్చీపోయే వాద్యకారులు, క్వార్టెట్ (నలుగురి వాద్య బృందం) రిహార్సల్స్. పదహారేళ్లకే తండ్రి ఆర్కెస్ట్రా రిహార్సల్స్ నడిపేవారు. మన దగ్గర మృదంగ విద్వాంసుడి కొడుకు నడక కన్నా ముందు తాళం నేర్చుకున్నట్టన్నమాట.

ఆయన డాక్టర్ చదివారట, నిజమా?

మొదలుపెట్టారు. పిల్లాడు సంగీతంలో పడి ఇబ్బందులు పడకూడదని సెయింట్ జేవియర్స్ కాలేజీలో మెడిసిన్‌కి ముందు చదువులో చేర్చారు. ఇది మనకి కొత్త కథ కాదు. ల్యాబ్‌లో చేపని కోస్తుంటే బుర్రలో జర్మన్ స్వరకర్త బ్రామ్స్ సింఫనీ తిరుగుతుండేదని ఆయనే చెప్పుకున్నారు. 1954లో పద్దెనిమిదేళ్ల వయసులో వియన్నా వెళ్లిపోయారు.

అక్కడ మొదట విన్న కచేరీ కార్ల్ బోమ్ నడిపిన వియన్నా ఫిల్‌హార్మోనిక్ అనే ఆర్కెస్ట్రాది. వాయించింది బ్రామ్స్ మొదటి సింఫనీ. అప్పటిదాకా గీతలు పడ్డ రికార్డుల్లో విన్న సంగీతం ఆ హాల్లో ఎలా మోగి ఉంటుందో ఊహించుకోండి. ఆ శబ్దమే తర్వాత జీవితమంతా తనకి కొలమానం అని ఆయన చాలాసార్లు అన్నారు.

గురువు ఎవరు?

హాన్స్ స్వరోవ్‌స్కీ. షోన్‌బెర్గ్, వేబర్న్ అనే స్వరకర్తల దగ్గర చదువుకున్న మనిషి. చేతులు ఎలా ఊపాలో చెప్పడం కన్నా, స్కోరు ఎలా కట్టారో విప్పి చూపడం ఆయన పద్ధతి. ఇంటికి శ్లాబు వేసేముందు ఏ పిల్లర్ ఎంత బరువు మోస్తోందో చూసినట్టు, ఏ సంగీత వాక్యం ఎన్ని బార్లు (మన తాళావర్తం లాంటి కొలత), ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది అన్నది ముందు తేలాలి. జుబిన్‌తో పాటు అదే క్లాసులో క్లాడియో అబ్బాడో ఉన్నారు. ఆయనా తర్వాత ప్రపంచ ప్రసిద్ధ కండక్టరే. పెద్ద కండక్టర్ల రిహార్సల్స్‌కి బయటివాళ్లని రానిచ్చేవారు కాదు. అందుకని ఈ ఇద్దరు కుర్రాళ్లూ ఆర్కెస్ట్రాతో కలిసి పాడే కోరస్‌లో చేరిపోయారు. పాడుతున్నట్టే పాడుతూ బ్రూనో వాల్టర్, కరయాన్ లాంటి వాళ్లు ఎలా పని చేయిస్తారో ఎదురుగా నిలబడి చూశారు. ప్రేక్షకులకి కండక్టర్ వీపే కనపడుతుంది కదా. ముఖం చూడాలంటే కోరస్‌లోనో ఆర్కెస్ట్రాలోనో ఉండాలి.

జుబిన్ అక్కడ డబుల్ బేస్ కూడా నేర్చుకున్నారు. మనిషి కన్నా ఎత్తుండే, వెనక నిలబడి వాయించే వాద్యం. ఆర్కెస్ట్రాని పునాది వైపు నుంచి వినడం అలవాటైంది.

అంత చిన్న వయసులో అంత పెద్ద ఆర్కెస్ట్రాలు ఎలా దక్కాయి?

ఇంకొకరికి ఒంట్లో బాగోక! హాస్యం కాదు. ఈ వృత్తిలో సగం జీవితాలు అలాగే మొదలవుతాయి.

1958లో లివర్‌పూల్ అంతర్జాతీయ పోటీలో గెలిచారు. బహుమతిగా అక్కడి ఆర్కెస్ట్రాలో ఏడాది అసిస్టెంట్ పని. ఆ తర్వాత చేతిలో పెద్ద పనేమీ లేదు. 1960లో మాంట్రియల్‌లో ఇగోర్ మార్కెవిచ్ రాలేకపోతే ఈయన్ని పిలిచారు. 1961లో లాస్ ఏంజిలస్‌లో ఫ్రిట్జ్ రైనర్ జబ్బుపడితే మళ్లీ ఈయన్నే. అదే ఏడాది ఇజ్రాయెల్ ఫిల్‌హార్మోనిక్‌కి యూజీన్ ఆర్మండీ బదులు వెళ్లారు. ఎక్కడికి వెళ్తే అక్కడ మళ్లీ రమ్మన్నారు. ఇరవై ఆరేళ్లు నిండకముందే వియన్నా, బెర్లిన్, ఇజ్రాయెల్ ఫిల్‌హార్మోనిక్‌లు మూడింటినీ నడిపేశారు.

అదృష్టం అనొచ్చు. కానీ ‘ఎల్లుండి కచేరీ, ఈ సింఫనీ వచ్చా?’ అని ఫోన్ వస్తే ‘వచ్చు’ అనడానికి ఆ స్కోరు ముందే బుర్రలో ఉండాలి. ఎవరూ పిలవని రోజుల్లో దాన్ని చదివి ఉండాలి. ఫోన్ వచ్చాక చదువుతానంటే కుదరదు.

లాస్ ఏంజిలస్‌లో ఏదో గొడవ జరిగిందంటారు?

జరిగింది. లాస్ ఏంజిలస్ ఫిల్‌హార్మోనిక్‌కి కండక్టర్ జార్జ్ షోల్టీని మ్యూజిక్ డైరెక్టర్‌గా తీసుకున్నారు. మన సినిమాల్లోలా పాటలు కట్టేవాడు కాదు, ఇక్కడ ఆ మాటకి ఆర్కెస్ట్రాకి అధిపతి అయిన కండక్టర్ అని అర్థం. ఆయన ఇంకా బాధ్యతలు తీసుకోకముందే, ఆయన్ని ఒక్క మాట అడక్కుండా, మెహతాని సహాయకుడిగా నియమించారు. షోల్టీకి ఒళ్లు మండి రాజీనామా చేశారు. దాంతో 1962లో ఆ కుర్చీ ఇరవై ఆరేళ్ల మెహతాకే దక్కింది. అప్పటికే మాంట్రియల్ ఆర్కెస్ట్రా పదవి చేతిలో ఉంది. ఉత్తర అమెరికాలో ఒకేసారి రెండు పెద్ద ఆర్కెస్ట్రాలకి అధిపతి అయిన మొదటి మనిషి ఈయనే. నన్నడిగితే షోల్టీ కోపంలో న్యాయం ఉంది. మెహతా తప్పు మాత్రం కాదు, అది పాలకవర్గం చేసిన నిర్వాకం.

1964 డిసెంబర్‌లో లాస్ ఏంజిలస్‌లో డరోతీ చాండ్లర్ పెవిలియన్ అనే కొత్త హాలు తెరిచారు. ప్రారంభ కచేరీకి కండక్టర్ జుబిన్ మెహతా. వయొలిన్ సోలో వాయించింది ఎవరో తెలుసా? యాషా హైఫెట్జ్. బొంబాయిలో కుర్ర మెహ్లీని పిచ్చివాణ్ని చేసిన ఆ హైఫెట్జే. మెహ్లీ కూడా అప్పటికి ఆ ఊరికే చేరి, అదే ఏడాది అక్కడి యువతీయువకులతో అమెరికన్ యూత్ సింఫనీని స్థాపించారు. 33 ఏళ్లు నడిపారు. నాకు జుబిన్ జీవితంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

న్యూయార్క్‌లో ఆయన విఫలమయ్యారని రాస్తుంటారు కదా?

విఫలం అనడం అన్యాయం. గొప్పగా వెలిగారు అనడం కూడా నిజం కాదు. 1978 నుంచి 1991 దాకా న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ మ్యూజిక్ డైరెక్టర్. ఆధునిక కాలంలో అక్కడ అంతకాలం ఆ పదవిలో ఉన్నవాళ్లు అప్పటికి లేరు. టికెట్లు అమ్ముడయ్యేవి, కొత్త స్వరకర్తల రచనలు వాయించారు. విమర్శకులు మాత్రం పై మెరుపే తప్ప లోతు లేదని ఏళ్ల తరబడి రాశారు.

దీనికి ఒక ముందు కథ ఉంది. లాస్ ఏంజిలస్‌లో ఉండగా 1967లో ఒక పత్రికతో నోరు జారారు. బద్ధ శత్రువుని న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌కి పంపితే చాలు, వాడి పని అయిపోతుంది అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. వాద్యకారుల సంఘం మండిపడింది, ఈయన క్షమాపణ చెప్పుకున్నారు. పదకొండేళ్లు తిరక్కుండానే అదే ఆర్కెస్ట్రాకి అధిపతి! ముప్ఫై ఏళ్ల వయసులో అన్నీ మాట్లాడేస్తాం.

పార్సీ మనిషికి ఇజ్రాయెల్‌తో అంత అనుబంధం ఏమిటి?

ఇజ్రాయెల్ ఫిల్‌హార్మోనిక్‌తో 1961లో మొదలైన పరిచయం 2019 దాకా సాగింది. 1969లో సంగీత సలహాదారు, 1977లో మ్యూజిక్ డైరెక్టర్, 1981లో జీవితకాలపు డైరెక్టర్. 2019 అక్టోబర్‌లో స్వరకర్త మాలర్ రెండో సింఫనీ వాయించి తనంతట తానే తప్పుకున్నారు.

1967లో ఆరు రోజుల యుద్ధం మొదలైనప్పుడు అక్కడున్న విదేశీ కళాకారులు కొందరు ఇళ్లకి వెళ్లిపోయారు. ఈయన ఎదురు వెళ్లారు. ప్రయాణికులు లేని విమానంలో, ఆయుధాల పెట్టెల మధ్య కూర్చుని దిగానని తర్వాత చెప్పారు. ఆ రోజుల్లోనే జెరూసలేంలో ఆయన స్నేహితుడు డేనియల్ బారెన్‌బోయిమ్‌కి, చెల్లో కళాకారిణి జాక్లిన్ డుప్రేకి పెళ్లి జరిగింది. ఆ తంతుకి సాక్షిగా యూదుడే ఉండాలి. ఏం చేశారంటే, మెహతాని ‘మోషే కోహెన్’ చేసేశారు. పర్షియా నుంచి ఈ మధ్యే వచ్చిన యూదుడు, హీబ్రూ ఇంకా రాదు అని చెప్పారు. పార్సీలు వచ్చింది పర్షియా నుంచే కాబట్టి సగమే అబద్ధం.

1991 గల్ఫ్ యుద్ధంలో మళ్లీ అంతే. జెరూసలేంలో కచేరీ మధ్యలో క్షిపణి హెచ్చరిక సైరన్ మోగింది. ఆర్కెస్ట్రా వేదిక దిగింది. జనం గ్యాస్ మాస్కులు తగిలించుకున్నారు. వయొలిన్ విద్వాంసుడు ఐజాక్ స్టెర్న్ మాత్రం తిరిగి వచ్చి, ఒక్కడే నిలబడి స్వరకర్త బాఖ్ రచన వాయించారు. ఆ రాత్రి కండక్టర్ మెహతాయే. ముఖాల బదులు రబ్బరు మాస్కులున్న ఆ హాలు ఫొటో ఎప్పుడైనా కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి.

వాగ్నర్ వివాదం ఏమిటి?

హిట్లర్‌కి ఇష్టమైన స్వరకర్త, యూదులని ద్వేషిస్తూ రాసిన మనిషి రిచర్డ్ వాగ్నర్. ఇజ్రాయెల్‌లో ఆయన సంగీతం బహిరంగంగా వాయించకూడదన్నది రాయని నియమం. 1981లో టెల్ అవీవ్‌లో కచేరీ అయ్యాక, ఇప్పుడు వాగ్నర్ వాయిస్తాం, ఇష్టం లేనివాళ్లు వెళ్లిపోవచ్చు అని మెహతా ప్రకటించి మొదలుపెట్టారు. గోల మొదలైంది. నాజీల నరమేధం నుంచి బతికి బయటపడ్డ ఒకాయన వేదిక దగ్గరికి వచ్చి తన ఒంటి మీద మచ్చలు చూపించాడు.

సంగీతానికి మతం లేదు అనేవాళ్లు మెహతా వైపు మాట్లాడతారు. నేనైతే ఆ మచ్చలు చూపించిన మనిషి వైపే ఉంటాను. సంగీతం గొప్పదే కావచ్చు, వినను అనే హక్కు అంతకన్నా చిన్నదేం కాదు.

‘త్రీ టెనర్స్’ కచేరీ కండక్టర్ ఈయనేనా?

అవును. 1990 జులై 7, ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్‌కి ముందు రాత్రి, రోమ్‌లో కారకల్లా స్నానశాలల శిథిలాల మధ్య. పాడింది పవరోట్టి, డొమింగో, కారెరాస్. టెనర్ అంటే పై స్థాయిలో పాడే మగ గొంతు. ఒపెరా (పాటలతోనే నడిచే పాశ్చాత్య నాటకం) పేరు వినని ఇళ్లలోకి కూడా ఆ రికార్డు వెళ్లింది. పండితులు ముక్కు విరిచారు. ముగ్గురు మహా గాయకులు ఒకరితో ఒకరు పోటీపడి సాగదీస్తుంటే ఆర్కెస్ట్రాని వాళ్ల ఊపిరితో కలిపి నడపడం ఆషామాషీ కాదని వాళ్లకీ తెలుసు.

ఆ ముగ్గురి పాటలు కాక ఒపెరా కూడా చేశారా?

చాలా. ఫ్లోరెన్స్‌లో 1985 నుంచి 2017 దాకా, మ్యూనిక్‌లోని బవేరియన్ స్టేట్ ఒపెరాలో 1998 నుంచి 2006 దాకా. 1998లో బీజింగ్‌లో చక్రవర్తుల పాత కోటలో చైనా దర్శకుడు జాంగ్ ఇమౌతో కలిసి ‘టురాన్‌డాట్’ అనే ఒపెరా వేశారు.

ఆయన ఇండియన్ పౌరుడేనా? మన దేశానికి ఏం చేశారు?

అమెరికాలో దశాబ్దాలుగా ఉంటున్నా భారత పౌరసత్వం వదులుకోలేదు. 1966లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్. తండ్రి పేరిట 1995లో ముంబైలో మెహ్లీ మెహతా మ్యూజిక్ ఫౌండేషన్ మొదలైంది. ఆయనా తమ్ముడు జరీన్ దానికి సహాధ్యక్షులు. పిల్లలకి పాశ్చాత్య సంగీతం నేర్పిస్తారు. 1994లో ఇజ్రాయెల్ ఫిల్‌హార్మోనిక్‌ని ఇండియా తీసుకొచ్చారు. రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు మొదలై అప్పటికి రెండేళ్లే. సునామీ వచ్చిన ఏడాదికి, 2005 డిసెంబర్‌లో, చెన్నై మ్యూజిక్ అకాడమీలో బవేరియన్ ఆర్కెస్ట్రాతో కచేరీ చేశారు. మన కచేరీల సీజన్ మధ్యలో, మన విద్వాంసులు కూర్చునే వేదిక మీద బీథోవెన్ దేశపు వాద్యకారులు.

ఎక్కువ మాట్లాడాల్సింది 2013 సెప్టెంబర్ 7న శ్రీనగర్ షాలిమార్ బాగ్‌లో జరిగిన కచేరీ గురించి. కశ్మీర్‌లో వాయించాలన్నది ఆయన పాత కోరిక. జర్మన్ రాయబార కార్యాలయం ఏర్పాటు చేసింది. చినార్ చెట్ల కింద బీథోవెన్, కశ్మీరీ వాద్యకారులతో కలిసి ఒక రచన. తోట లోపల ఆహ్వానం ఉన్నవాళ్లు, బయట బంద్, ఎటు చూసినా పోలీసులు. అదే రోజు ఊళ్లో వేరే చోట నిరసన కచేరీ. ఈసారి స్టేడియంలో, అందరూ వచ్చేలా చేద్దామని మెహతా వేదిక మీదే అన్నారు. ఆ మాట మనసులోంచి వచ్చిందే అనుకుంటాను. అయినా ఆ రోజు తోట గోడ బయట ఉండిపోయిన జనానికి అది వినపడలేదు.

మన సంగీతంతో కలిసి పనిచేశారా?

రవిశంకర్ రెండో సితార్ కాన్సర్టో (ఒక వాద్యానికీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన రచన) ‘రాగమాల’ని న్యూయార్క్‌లో 1981లో నడిపింది ఆయనే. వయొలిన్ విద్వాంసుడు ఎల్. సుబ్రమణ్యం వేదమంత్రాల ఆధారంగా చేసిన రచన కూడా న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో వాయించారు. వీటిలో అసలు కష్టం గమకం దగ్గర. సితార్ తీగ లాగితే స్వరం ఎక్కడ ఆగుతుందో వాయించేవాడికే తెలుసు. కాగితం చూసి వాయించే వంద మంది దాని కోసం కాచుకుని కూర్చోవాలి.

తెలుగువాళ్లలో ఇలాంటి పని చేసినవాళ్లున్నారా?

సింఫనీలతో కాదు గానీ, మన వాద్యాలతో ఉన్నారు. ద్రాక్షారామం నుంచి వచ్చిన వీణ విద్వాంసుడు ఈమని శంకరశాస్త్రి ఆకాశవాణి ఢిల్లీలో వాద్యవృందానికి స్వరకర్త, నిర్వాహకులు. వీణ, వేణువు, సితార్, తబలా లాంటివాటిని ఒకే వృందంలో కూర్చోబెట్టి, ఎవరు ఎప్పుడు ఆగాలో చెప్పడం మన సంప్రదాయంలో అలవాటు లేని పని. ఆయనకి అంతకుముందే మద్రాసు జెమినీ స్టూడియోలో సాలూరి రాజేశ్వరరావు పక్కన పనిచేసిన అనుభవం ఉంది. సినిమా పాటకి అరలు అరలుగా వాద్యాలు పేర్చడం అక్కడ నిత్యకృత్యం.

కుటుంబ జీవితం?

మొదటి భార్య కార్మెన్, గాయని. 1964లో విడిపోయారు. రెండేళ్లకి ఆమె జుబిన్ తమ్ముడు జరీన్‌ని పెళ్లి చేసుకున్నారు. అందరూ స్నేహంగానే ఉన్నారు. మనకి మింగుడుపడటం కష్టమే గానీ వాళ్ల ఇల్లు, వాళ్ల లెక్క. 1969లో జుబిన్ నటి నాన్సీ కోవాక్‌ని పెళ్లాడారు. అకౌంటెంట్‌గా మొదలైన జరీన్ 2000లో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ నిర్వహణ బాధ్యతలు తీసుకున్నారు. అన్న కర్ర పట్టుకున్న చోటే తమ్ముడు తాళాలు పట్టుకున్నారు.

జేబులో మిరపకాయలు పెట్టుకుని తిరుగుతారట?

నిజమే. లాస్ ఏంజిలస్ ఇంట్లో పెంచుకుంటారు, ఎక్కడ తిన్నా చిన్న డబ్బీ తీసి పళ్లెంలో వేసుకుంటారు. వియన్నా వంట చప్పగా ఉంటుందని ఒప్పుకున్న గొప్పవాళ్లలో ఈయనొకరు. గుంటూరు నుంచి ఎవరైనా ఒక పొట్లం పంపి ఉండాల్సింది. క్రికెట్ పిచ్చి కూడా బాగానే ఉంది.

రిహార్సల్‌లో కండక్టర్ ఏం చేస్తారు?

అసలు పనంతా అక్కడే. కచేరీ రోజు మీరు చూసేది పెళ్లిభోజనం, వంట ముందురోజు రాత్రే అయిపోయింది. పెద్ద ఆర్కెస్ట్రాలో ఒక కచేరీకి మూడో నాలుగో రిహార్సల్స్ దొరుకుతాయి, ఒక్కోటి రెండున్నర గంటలు, మధ్యలో విరామం. వాద్యకారుల సంఘం నియమాలు కచ్చితం, టైమ్ అయితే స్వరం మధ్యలో ఉన్నా లేచిపోతారు. అందుకని ఏది చెప్పాలి, ఏది వదిలేస్తే వాళ్లే సర్దుకుంటారు అన్నది తెలియాలి. ఎక్కువ మాట్లాడే కండక్టర్ అంటే ఎవరికీ గిట్టదు.

స్కోరు పేజీ చూస్తే భయమేస్తుంది. పైన ఫ్లూట్, ఓబో, కింద హార్న్, ట్రంపెట్, ఇంకా కింద డోళ్లు, అట్టడుగున వయొలిన్లు, డబుల్ బేస్. ఒకే చూపులో ఇరవై వరుసలు. దానికి తోడు కొన్ని వాద్యాల్లో రాసింది ఒకటి, వినపడేది ఒకటి. మామూలు క్లారినెట్‌కి ‘సి’ అని రాసి ఉంటే పలికేది ‘బి ఫ్లాట్’. ఇవన్నీ మనసులోనే మార్చుకుంటూ చదవాలి. మెహతా చాలా కచేరీలు స్కోరు ముందు పెట్టుకోకుండానే నడిపారు.

మా అమ్మాయి కండక్టర్ అవుతానంటోంది. ఏం చెయ్యాలి?

ముందు ఒక వాద్యం బాగా రావాలి. దానితో పాటు పియానో, ఎందుకంటే స్కోరు మొత్తాన్ని పది వేళ్లతో వాయించి చూసుకోగలగాలి. చెన్నైలో కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది. ముంబైలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా కచేరీలు వినొచ్చు. కండక్టింగ్ చదువుకి మాత్రం చివరికి విదేశం వెళ్లక తప్పదు. అక్కడ కూడా సాధన కష్టం. వయొలిన్ నేర్చుకునేవాళ్లకి వయొలిన్ ఇంట్లో ఉంటుంది, వంద మందిని ఇంట్లో పెట్టుకోలేం కదా. నలుగురు స్నేహితుల్ని కూడగట్టి వాళ్లని నడపడంతో మొదలుపెట్టమనండి. జుబిన్ కూడా 1956లో హంగరీ నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల కోసం తోటి విద్యార్థుల్ని పోగుచేసి కచేరీ చేశారు.

అమ్మాయిలకి అవకాశం ఉందా అంటే ఇప్పుడు ఉంది. వియన్నా ఫిల్‌హార్మోనిక్ 1997 దాకా స్త్రీలని సభ్యులుగానే చేర్చుకోలేదు. 2007లో మారిన్ ఆల్సప్ బాల్టిమోర్ సింఫనీకి అధిపతి అయినప్పుడు, అమెరికాలో పెద్ద ఆర్కెస్ట్రాకి అలా వచ్చిన మొదటి మహిళ ఆమే.

కచేరీలో చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

సింఫనీలో సాధారణంగా నాలుగు భాగాలుంటాయి. నాలుగూ అయ్యాకే. ముంబైలో నా మొదటి కచేరీలో మొదటి భాగం అదిరిపోయేలా ముగిసింది. త్యాగరాజ కీర్తనకి కొట్టినట్టు గట్టిగా కొట్టేశాను, ఒక్కణ్నే. ముందు వరుసలో నలుగురు తిరిగి చూశారు. చాలాసేపు చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. గుర్తు చాలా తేలిక: కండక్టర్ చేతులు పూర్తిగా కిందికి దిగి, ఆయన మన వైపు తిరిగే దాకా ఆగండి.

ఏది చూడటంతో మొదలుపెట్టాలి?

రెండు చాలు. మొదటిది 1969లో లండన్‌లో చిత్రీకరించిన ‘ట్రౌట్’ క్వింటెట్, స్వరకర్త షూబర్ట్ ఐదు వాద్యాలకి రాసిన రచన. బారెన్‌బోయిమ్ పియానో, పెర్ల్‌మన్ వయొలిన్, జుకర్‌మన్ వయోలా, డుప్రే చెల్లో, డబుల్ బేస్ మీద జుబిన్ మెహతా. ముప్ఫై మూడేళ్ల మెహతా తప్ప అందరూ పాతికేళ్ల చుట్టుపక్కల కుర్రకారు. వేదిక ఎక్కే ముందు ఒకరి వాద్యాలు ఒకరు లాక్కుని అల్లరి చేస్తుంటారు. మెహతా చేతిలో కర్ర లేకుండా, ఇంకొకరి సైగ కోసం చూస్తూ కనిపిస్తారు.

రెండోది వియన్నా నూతన సంవత్సర కచేరీ. మెహతా ఐదుసార్లు నడిపారు: 1990, 1995, 1998, 2007, 2015. చివర్లో ఆనవాయితీగా రాడెట్స్కీ మార్చ్ వాయిస్తారు. అక్కడ మాత్రం చప్పట్లు కొట్టొచ్చు, కొట్టాలి కూడా. కండక్టర్ ఆర్కెస్ట్రాకి వీపు పెట్టి జనం వైపు తిరుగుతారు. అరచెయ్యి కిందికి దించితే హాలంతా మెల్లగా కొడుతుంది, పైకెత్తితే పైకప్పు అదిరేలా కొడుతుంది. వేలు పెదవుల మీద పెడితే ఠక్కున ఆపేస్తుంది. వెనకాల ఆర్కెస్ట్రా తన మానాన తాను వాయించుకుపోతూనే ఉంటుంది.